ప్లస్ టూలో మామూలు మార్కులేనా? చెన్నైలో ప్రభుత్వ సీటుకు ఇలా ప్రయత్నించండి

రిజల్ట్స్ వచ్చిన రోజు మధ్యాహ్నం మా చెల్లెలు పెరంబూరులో మా ఇంటికి వచ్చి సోఫాలో కూలబడింది. "అక్కా, వీడికి ఇక ఏ యూనివర్సిటీలోనూ సీటు రాదు. డొనేషన్ కట్టే స్తోమత మాకు లేదు" అంది. పిల్లవాడు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు, చెప్పులు కూడా విప్పలేదు. చేతిలో ఫోను, దానిలో మార్కులు. లెక్కలు 68, ఫిజిక్స్ 71, కెమిస్ట్రీ 74. ఇవి ఫెయిలైన మార్కులు కావు, గొప్ప మార్కులూ కావు. మన ఇళ్లలో సగం మంది పిల్లలకు వచ్చే మార్కులే. వాడిప్పుడు ఒక ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ రెండో సంవత్సరం చదువుతున్నాడు.

కొన్నేళ్లుగా మా వీధిలో పిల్లలకు ఈ అప్లికేషన్లు నింపిపెడుతున్నాను. నేను చూసినంతలో మార్కులు తక్కువై సీటు పోగొట్టుకున్నవాళ్లు కొద్దిమందే. సర్టిఫికెట్ సమయానికి చేతికి రాక, కాలేజీల లిస్టు సరిగా పెట్టుకోక, గడువు తేదీ చూసుకోక పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. మార్కులు వచ్చేశాక వాటిని పెంచడం మన చేతిలో లేదు. మిగతావన్నీ మన చేతిలోనే ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు కటాఫ్ లెక్క వేసుకోండి

ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలు ఇక్కడి పద్ధతి వినగానే "మరి ఎంసెట్ లాంటి పరీక్ష ఎప్పుడు?" అని అడుగుతారు. తమిళనాడులో 2007 నుంచి ఇంజనీరింగ్‌కు ప్రవేశ పరీక్ష లేదు. ప్లస్ టూ మార్కులే అన్నిటికీ ఆధారం. లెక్కల మార్కులు 100కి ఎన్ని వస్తే అన్నీ తీసుకుంటారు. ఫిజిక్స్‌లో సగం, కెమిస్ట్రీలో సగం కలుపుతారు. మొత్తం 200. ఇలా వచ్చినదాన్నే కటాఫ్ అంటారు. మా వాడి లెక్క గ్యాస్ బిల్లు వెనక వేశాను: 68, ముప్పై ఐదున్నర, 37. కలిపితే 140.5. ఇంగ్లీషు మార్కులు, రెండో భాష మార్కులు ఇందులోకి రావు.

సీబీఎస్ఈ పిల్లలకు, ఇంటర్మీడియట్ పిల్లలకు ఒక మాట. వాళ్ల మార్కులను అలాగే తీసుకోరు. వాళ్ల బోర్డులో ఆ సబ్జెక్టులో వచ్చిన అత్యధిక మార్కును స్టేట్ బోర్డు అత్యధిక మార్కుతో సమానం చేసి లెక్కిస్తారు. అక్కడ టాప్ 90, ఇక్కడ టాప్ 100 అనుకోండి. అప్పుడు అక్కడ 60 వచ్చిన పిల్లకు 66.66 అవుతుంది. అందువల్ల ర్యాంకు లిస్టు వచ్చేదాకా మీ కటాఫ్ ఇంతేనని తేల్చేసుకోకండి.

అర్హతకు ఈ మూడు సబ్జెక్టుల సగటు జనరల్ వాళ్లకు 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉంటే చాలు. ఇది గేటు లోపలికి రావడానికి మాత్రమే. సీటు ర్యాంకును బట్టి వస్తుంది.

ఏదైనా సబ్జెక్టులో మార్కులు మీరు అనుకున్నదానికన్నా మరీ తక్కువ వస్తే జవాబు పత్రం స్కాన్ కాపీకి అప్లై చేయండి. కాపీ చూశాక కూడిక తప్పయితే రీటోటలింగ్, దిద్దడంలో తప్పనిపిస్తే రీవాల్యుయేషన్. లెక్కల్లో పెరిగిన ప్రతి మార్కూ కటాఫ్‌లో పూర్తిగా చేరుతుంది, కెమిస్ట్రీలో పెరిగింది సగమే చేరుతుంది. డబ్బు ఒకదానికే ఉంటే లెక్కల పేపరుకే పెట్టండి.

మీరు ఏ లెక్కలోకి వస్తారో తేల్చుకోండి

మన తెలుగువాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

పిల్లవాడు 8వ తరగతి నుంచి 12 దాకా తమిళనాడులోనే చదివి ఉంటే నేటివిటీ సర్టిఫికెట్ (ఈ రాష్ట్రంవాళ్లమని చూపే కాగితం) అక్కర్లేదు. కుటుంబం ఆంధ్రా నుంచి వచ్చిందే అయినా, ఆ ఐదేళ్లూ ఇక్కడ చదివితే ఓపెన్ కేటగిరీలో అప్లై చేసుకోవచ్చు. మరి మనవాళ్లు ఏం చేస్తారు? ఇక్కడే పుట్టి పదో తరగతి దాకా ఇక్కడే చదివిన పిల్లను "అక్కడైతే బాగా రుద్దుతారు" అని నెల్లూరులోనో విజయవాడలోనో ఇంటర్ హాస్టల్లో వేస్తారు. మా పక్కింటివాళ్లు అదే చేశారు. రెండేళ్ల తర్వాత పాప తిరిగొచ్చింది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. తీరా అప్లికేషన్‌లో 11, 12 చదివిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని కొట్టగానే నేటివిటీ సర్టిఫికెట్ అడిగింది. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం కాబట్టి, తాతగారి ఇంటి పత్రాలు వెతికి తహసీల్దార్ దగ్గర తెచ్చుకోగలిగారు. నాలుగేళ్ల కింద వచ్చినవాళ్లయితే ఆ కాగితం దొరకదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల బదిలీల వంటి వాటికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ అందరికీ కాదు. మీ పిల్లలు ఇంకా పదో తరగతిలోనే ఉంటే, ఇంటర్‌కు ఊరు దాటించే ముందు ఈ సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

రెండోది కమ్యూనిటీ సర్టిఫికెట్. తమిళనాడులో రిజర్వేషన్ 69 శాతం: బీసీలకు 26.5, ముస్లిం బీసీలకు 3.5, ఎంబీసీలకు (మరీ వెనకబడిన కులాలకు) 20, ఎస్సీలకు 18, ఎస్టీలకు 1. మిగిలిన 31 శాతం అందరికీ తెరిచి ఉంటుంది. ఆంధ్రాలోనో తెలంగాణలోనో తీసుకున్న బీసీ సర్టిఫికెట్ ఇక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు, ఓసీగానే లెక్కిస్తారు. ఇక్కడి జాబితా కూడా అక్కడి జాబితాలా ఉండదు. పద్మశాలి, దేవాంగ ఇక్కడ బీసీలో ఉన్నాయి. గవర, గవరై, వడుగర్ కూడా బీసీయే, అయితే ఆ పద్దులోనే కమ్మ, కాపు, బలిజ, రెడ్డి వీటిలోకి రారని రాసి ఉంది. అందుచేత పేరు చివర నాయుడు అని ఉన్నంత మాత్రాన ఒకే కేటగిరీ కాదు. తండ్రి సర్టిఫికెట్‌లో కులం ఏ మాటతో రాసి ఉందో ఆ మాటనే పట్టుకుని, సర్టిఫికెట్లకు అప్లై చేసే ప్రభుత్వ ఇ-సేవై కేంద్రానికి వెళ్లండి.

ఇంట్లో ఇంతవరకు డిగ్రీ చదివినవాళ్లు ఎవరూ లేకపోతే ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ తీసుకోండి. కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకు ట్యూషన్ ఫీజులో రాయితీ వస్తుంది. అక్కో అన్నో ఇప్పటికే డిగ్రీ పూర్తి చేసి ఉంటే ఇది వర్తించదు. పిల్లలు 6 నుంచి 12 దాకా ప్రభుత్వ బడిలోనే చదివి ఉంటే 7.5 శాతం ప్రత్యేక కోటా ఉంది. ఫీజు, హాస్టల్ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. కార్పొరేషన్ బడిలో చదివిన పిల్లల తల్లిదండ్రులు చాలామంది "మనకెందుకులే" అని ఆ గడిలో కాదు అని కొట్టేస్తున్నారు. దయచేసి అలా చేయకండి.

ఇంటిపేరు ఇనిషియల్ తంటా

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రోజుల తరబడి తిప్పుతుంది. తమిళులకు ఇనిషియల్ అంటే తండ్రి పేరులో మొదటి అక్షరం. మనకు ఇంటిపేరు. మా వాడి పదో తరగతి మార్క్ షీట్‌లో తండ్రి పేరు అక్షరం ముందు ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు అక్షరం, తండ్రి కమ్యూనిటీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా. ఇ-సేవై కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి మూడు కాగితాలూ వరసగా బల్ల మీద పెట్టి, ఒక్కో పేరు కింద వేలు పెట్టి చూపించి, "ఇవి ముగ్గురు మనుషుల పేర్లు అక్కా" అంది తమిళంలో. నిజమే, చూసేవాళ్లకు అలాగే ఉంటుంది.

అందుకని మార్చి పరీక్షలు అవగానే, రిజల్ట్స్ కోసం ఎదురుచూస్తున్న ఆ నెలన్నరలోనే ఈ పని ముగించండి. పదో తరగతి మార్క్ షీట్‌లో ఎలా ఉందో అదే అసలు పేరుగా పెట్టుకుని, ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించండి. సర్టిఫికెట్లన్నీ ఆ పేరుతోనే తీయించండి. మే నెలలో ఇ-సేవై దగ్గర లైను చూస్తే మీకే అర్థమవుతుంది ఎందుకింత ముందుగా చెబుతున్నానో.

రెండు అప్లికేషన్లూ ఒకేసారి పెట్టండి

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు ఒకటి, ప్రభుత్వ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలకు ఒకటి. రెండూ ఆన్‌లైనే. మామూలుగా రెండూ మే నెలలోనే తెరుస్తారు, జాగ్రత్త. ఇంజనీరింగ్ తేలాక డిగ్రీ సంగతి చూద్దాం అనుకుంటే, జులైలో కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి డిగ్రీ కాలేజీల్లో క్లాసులు కూడా మొదలైపోయి ఉంటాయి. ఇంజనీరింగ్ రిజిస్ట్రేషన్ 500, ఎస్సీ ఎస్టీలకు 250. డిగ్రీ అప్లికేషన్‌కు అయ్యేది చాలా తక్కువ.

డిగ్రీ వైపు వెళ్లడాన్ని మనవాళ్లు చిన్నతనంగా చూడటం నాకు బాధగా ఉంటుంది. ప్రెసిడెన్సీ కాలేజీ 1840 నాటిది, క్వీన్ మేరీస్ 1914 నాటిది. రెండూ మెరీనా ఒడ్డున ఉన్నాయి, రెండూ ప్రభుత్వానివే, 1857లో పుట్టిన మద్రాసు యూనివర్సిటీ కిందే ఉన్నాయి. నందనంలో, వ్యాసర్పాడిలో కూడా ప్రభుత్వ కాలేజీలున్నాయి. బ్రాడ్వే దగ్గర భారతి మహిళా కాలేజీ, అన్నాసాలైలో ఖాయిదే మిల్లత్ కాలేజీ ఆడపిల్లలకు. మొత్తం డిగ్రీకి అయ్యే ఫీజు బయట ఒక్క సెమిస్టర్‌కు కట్టేదానికన్నా తక్కువ.

ఇక్కడ ర్యాంకు వేరేలా వేస్తారు. నాలుగు ప్రధాన సబ్జెక్టులు కలిపి 400కు చూస్తారు. బీఏ ఇంగ్లీషు లాంటి భాషా కోర్సులకు ఆ భాష మార్కులు చూస్తారు. అంటే కటాఫ్‌లో లెక్కకు రాని ఇంగ్లీషు మార్కు ఇక్కడ పనికొస్తుంది. లెక్కల్లో 52 వచ్చి ఇంగ్లీషులో 90 దాటిన పిల్లను ఏడిపించి ఇంజనీరింగ్‌కు తోసే బదులు ఈ లిస్టులో పెట్టి చూడండి. కొన్ని ప్రభుత్వ కాలేజీల్లో రెండో షిఫ్టు ఉంటుంది, మధ్యాహ్నం నుంచి క్లాసులు. ఉదయం షిఫ్టు దొరకనివాళ్లు దాన్ని కూడా ఆప్షన్‌గా పెట్టాలి. డిగ్రీ ఒకటే, సర్టిఫికెట్ ఒకటే.

తమిళం రాదని కొందరు భయపడతారు. మద్రాసు యూనివర్సిటీ డిగ్రీలో పార్ట్ వన్ భాషగా తమిళమే ఉండాలని లేదు. కాలేజీలో అధ్యాపకులు ఉంటే తెలుగు, హిందీ, ఫ్రెంచ్ లాంటివి తీసుకోవచ్చు. బడిలో తమిళం చదవనివాళ్లు బేసిక్ తమిళం అనే చిన్న పేపర్లు రాయాలి, అవి ఆరో తరగతి స్థాయిలోనే ఉంటాయి. ఏ కాలేజీలో తెలుగు ఉందో అప్లై చేసే ముందే ఆ కాలేజీ ఆఫీసులో అడగండి.

లాయరు కావాలన్న ఆశ ఉన్న పిల్లలకు ఇంకొకటి. ఇక్కడి ప్రభుత్వ లా కాలేజీల్లో ఐదేళ్ల కోర్సుకు కూడా ప్లస్ టూ మార్కులే చూస్తారు, ప్రవేశ పరీక్ష ఉండదు. అంబేద్కర్ లా యూనివర్సిటీ ప్రకటన ఎప్పుడొస్తుందో చూస్తూ ఉండండి.

చాయిస్ ఫిల్లింగ్‌లో ఆశ పైన, అవసరం కింద

చాయిస్ ఫిల్లింగ్ అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచ్‌లు వరసగా ఎంచి పెట్టడం. 1794లో సర్వే స్కూలుగా మొదలైన గిండీ ఇంజనీరింగ్ కాలేజీ, క్రోంపేట ఎంఐటీ, ఏసీ టెక్. ఇవి అన్నా యూనివర్సిటీ సొంత క్యాంపస్‌లు. వీటిలో కంప్యూటర్ సైన్స్ సీట్లు 200కు దగ్గర్లో ఉన్నవాళ్లకే పోతాయి. 140తో వాటి కోసం కూర్చోకూడదు. అలాగని అన్నా యూనివర్సిటీ అంటే ఆ నాలుగు గోడలే అనుకోకూడదు. కాంచీపురం, తిండివనం, ఆరణి, విల్లుపురం లాంటి ఊళ్లలో యూనివర్సిటీ నడిపే కాలేజీలున్నాయి. వెల్లూరు, బర్గూరు, సేలంలో ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఫీజు తక్కువ, హాస్టల్ ఉంటుంది, ఊరు చిన్నది. చెన్నై వదిలి వెళ్లడం ఇష్టం లేనివాళ్లు వీటిని లిస్టులోనే పెట్టరు. మామూలు మార్కులవాళ్లకు దారి దొరికేది సరిగ్గా అక్కడే.

కిందటేడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచ్ ఏ కమ్యూనిటీకి ఏ కటాఫ్ దగ్గర ఆగిందో కౌన్సెలింగ్ సైట్‌లోనే పెడతారు. ఒక నోట్‌బుక్ తీసుకోండి. మీ కటాఫ్ కన్నా ఐదు పది ఎక్కువ దగ్గర ఆగినవి పైన రాయండి, మీకు దగ్గరగా ఆగినవి మధ్యలో, ఇరవై తక్కువ దగ్గర ఆగినవి కింద. మా వాడు మొదట పన్నెండు కాలేజీలే రాశాడు, అన్నీ చెన్నై, అన్నీ కంప్యూటర్ సైన్స్. నేను, వాడు కలిసి రెండు సాయంత్రాలు కూర్చుని అరవై దాటించాం. ఎన్ని పెట్టినా ఎవరూ వద్దనరు, డబ్బు కూడా అడగరు.

వరస మాత్రం మీకు నిజంగా కావాల్సిన వరసే ఉండాలి. కంప్యూటర్ పైన ఉన్నదాన్నే ముందు చూస్తుంది. "ఇది ఎలాగూ రాదు" అని ఇష్టమైనదాన్ని కింద పెడితే, అది దొరికే అవకాశం ఉన్నా పైదానిలో పడేస్తుంది. సివిల్, మెకానికల్ లాంటి బ్రాంచ్‌ల కటాఫ్ కంప్యూటర్ సైన్స్ కన్నా బాగా కిందికి దిగుతుంది. అవి చదవడానికి పిల్లలు మనస్ఫూర్తిగా సిద్ధమైతేనే పెట్టండి. నాలుగేళ్లు చదవాల్సింది వాళ్లు.

ఒకే కటాఫ్ చాలామందికి వస్తుంది. అప్పుడు ముందు లెక్కల మార్కు, తర్వాత ఫిజిక్స్ ఇలా చూసుకుంటూ పోతారు. అన్నీ సమానమైతే, రిజిస్ట్రేషన్ ముగిశాక ఇచ్చే రాండమ్ నంబర్. దాని గురించి టెన్షన్ పడి లాభం లేదు.

అలాట్‌మెంట్ వచ్చిన రోజు ఊరెళ్లకండి

తాత్కాలిక అలాట్‌మెంట్ వచ్చాక కన్ఫర్మ్ చేయడానికి ఇచ్చే గడువు చాలా తక్కువ. మా వీధిలోనే ఒక కుటుంబం ఆ రెండు రోజులూ తిరుమల వెళ్లారు. పిల్లవాడి ఫోన్ లాకర్‌లో ఉంది. వచ్చేసరికి సీటు చేజారిపోయింది. వాళ్లు దేవుణ్ణి ఏమీ అనలేదు గానీ ఆ తల్లి ముఖం నాకింకా గుర్తుంది.

స్క్రీన్ మీద కొన్ని ఆప్షన్లు కనిపిస్తాయి. వచ్చిన సీటు నచ్చితే అంగీకరించి చేరడం. సీటు ఉంచుకుంటూనే లిస్టులో పైనున్నది ఖాళీ అయితే ఇమ్మని అడగడం. వచ్చినదాన్ని వద్దని పైదానికి మాత్రమే చూడటం. తర్వాతి రౌండ్‌కు వెళ్లడం. పూర్తిగా తప్పుకోవడం. మామూలు మార్కులవాళ్లకు నా సలహా రెండోదే: చేతిలో ఉన్నది వదలకుండా పైకి అడగండి. డబ్బు కట్టాల్సిన గడువు, సెంటర్‌లో హాజరవ్వాల్సిన గడువు ఆ పేజీలోనే ఉంటాయి, వంటింటి క్యాలెండర్ మీద రాసి పెట్టండి. మా వాడికి రెండో రౌండ్‌లో మెకానికల్ వచ్చింది. అలా అడిగి ఉంచినందుకే వారం తర్వాత వాడు కోరుకున్న సివిల్‌కు మారింది.

ఇదే సమయంలో ఫోన్లు వస్తాయి. "మీ మార్కులకు కౌన్సెలింగ్‌లో ఏమీ రాదు, ఇప్పుడే అడ్వాన్స్ కట్టండి, సీటు బ్లాక్ చేస్తాం" అంటారు. మూడు రౌండ్లు పూర్తయ్యేదాకా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి. పేరులో యూనివర్సిటీ అని ఉన్నవన్నీ ప్రభుత్వానివి కావు, డీమ్డ్ యూనివర్సిటీలు ఈ కౌన్సెలింగ్‌లో ఉండవు, వాటి ఫీజులు వేరు.

అప్పటికీ రాకపోతే

మూడు రౌండ్ల తర్వాత సప్లిమెంటరీ కౌన్సెలింగ్ ఉంటుంది. తమిళంలో తుణై కలందాయ్వు అంటారు. ఫెయిలై సప్లిమెంటరీలో పాసైనవాళ్లు, మొదట్లో అప్లై చేయనివాళ్లు దీనిలో రావచ్చు. మిగిలిపోయిన సీట్లే అయినా ప్రభుత్వ కాలేజీల్లోనూ ఒకటో అరో ఉంటాయి.

నాకు ఇంతకన్నా నచ్చిన దారి పాలిటెక్నిక్. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీతో ప్లస్ టూ పాసైనవాళ్లు డిప్లొమా రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. తరమణిలో సెంట్రల్ పాలిటెక్నిక్ ఉంది, ఆడపిల్లలకు ధర్మాంబాళ్ పాలిటెక్నిక్ ఉంది, రెండూ ప్రభుత్వానివే. రెండేళ్లలో డిప్లొమా పూర్తవుతుంది, ఆ తర్వాత లేటరల్ ఎంట్రీలో బీఈ రెండో సంవత్సరానికి వెళ్లవచ్చు. అప్పుడు ప్లస్ టూ మార్కులు ఎవరూ అడగరు, డిప్లొమా మార్కులు చూస్తారు. పదిహేడేళ్లప్పుడు తడబడిన పిల్లలకు ఇది నిజంగా రెండో అవకాశం. ఒక ఏడాది ఎక్కువైతే ఏమవుతుంది?

ఇంట్లో సంపాదన తప్పనిసరి అయినవాళ్లకు మద్రాసు యూనివర్సిటీ దూరవిద్య ఉంది, 1981 నుంచి నడుస్తోంది. పనిచేస్తూ బీకాం, బీఏ పూర్తి చేసినవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు.

చివరగా టీసీ సంగతి. డిగ్రీ కాలేజీలో ముందుగా చేరి, తర్వాత ఇంజనీరింగ్ సీటు వస్తే, మొదటి కాలేజీ నుంచి టీసీ వెనక్కి తీసుకోవాలి. దానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. మొదటి కాలేజీలో చేరే రోజే ప్రతి సర్టిఫికెట్‌కు ఐదేసి జెరాక్స్‌లు తీసి పెట్టుకోండి. కౌన్సెలింగ్ రౌండ్ ఉందని ఆఫీసులో ముందే చెప్పి, టీసీ ఎవరి దగ్గర తీసుకోవాలో పేరు, టైము అడిగి రాసుకోండి. ఒరిజినల్స్ కాలేజీ తన దగ్గరే అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. మర్యాదగానే అడగండి, కానీ అడగండి.